కొంగల బుడ్డి

"ఎవరు కడిగిండ్రు దీన్ని... చెప్పుండ్రి! నా కొంగలేవి?"

కిష్టమ్మ కేకకు హాల్లో కూర్చున్న చర్చి సంఘం వాళ్ళంతా పాటల పుస్తకాలు మూసేశారు. ఆమె భర్త సుందరయ్య పోయి ఏడాదైందని ఎల్‌బీ నగర్‌లోని ఆ ఇంట్లో ఆరోజు జ్ఞాపకార్థ కూడిక. ఫోటో పక్కన పెడదామని ఆమె షోకేసులోంచి తీసిన బుడ్డి మీద బొమ్మే లేదు!

అది బొటనవేలంత చైనా గాజు బుడ్డి... వెనకటి దొరలు ముక్కుపొడి పోసుకునేది. సుందరయ్య వంట చేసిన నవాబుగారింట్లో పెద్ద బేగం ఆయన పెళ్ళికి ఇచ్చిందట. దాని మీద రెండు కొంగలు. "ఒకటి నువ్వు, ఒకటి నేను" అని ఆయన కిటికీ ఎండలో పట్టి చూపించేవాడు. ఆయన పోయాక కిష్టమ్మకు ఆ కొంగలే దిక్కు! కూతురు బ్లెస్సీకి జ్వరమొచ్చి ఇల్లంతా పరేషానైన ఈ నాలుగు రోజులే వాటిని ఎండలో పట్టి చూసుకోలేదు.

"నేనే కడిగిన అత్తమ్మా" అంది కోడలు సాధన.

"నీళ్ళు ఒంపి పెట్టమన్న గానీ, సబ్బు పెట్టి రుద్దమన్ననా! ఇగ నా షోకేసు ముట్టకు!"

అందరి ముందూ అంత మాట! సాధన కళ్ళు నిండాయి, తల మాత్రం దించలేదు. నిజం ఆమెకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ పాస్టరమ్మ ప్రార్థన చేసిచ్చిన నీళ్ళను కిష్టమ్మే ఆ బుడ్డిలో పోసి, కూతురి దిండు కింద పెట్టింది... తండ్రి బుడ్డి అయితే బిడ్డకు మేలని నమ్మకం! ఆ బొమ్మను గాజు లోపలి వైపు వేశారని, నీళ్ళు తగిలితే కరిగిపోతుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆ పొద్దున్నే దిండు గలీబు మీద, బుడ్డిలోంచి కారిన నీలం, ఎరుపు మరకలు చూశాకే సాధనకు సంగతి అర్థమైంది. భర్త గుర్తును తన చేత్తోనే చెరుపుకుందని తెలిస్తే ఈ పెద్దామె తట్టుకుంటుందా! అందుకే గలీబు దాచేసింది. నిందదేముంది, తను మోయగలదు!

"వదినా... ఇది నా దిండుది కదా?"

వచ్చినవాళ్ళకు పరచడానికి దుప్పటి కోసం బీరువా తెరిచిన బ్లెస్సీ చేతిలో ఆ గలీబు! కిష్టమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"గిది కొంగల రంగే... అంటే నేను పోసిన నీళ్ళకే పోయిందా? బిడ్డా, నా కోసం నువ్వు మాటలు పడ్డవా!"

"రంగు పోతే పోయింది అత్తమ్మా. బ్లెస్సీ లేచి తిరుగుతుంది కదా! మామయ్య ఉన్నా గా నీళ్ళే పోసేటోళ్ళు."

కిష్టమ్మ భోరుమంది. "అందరి ముందు అన్న... అందరి ముందే ఆ మాట ఎనక్కి తీస్కుంటున్న" అంటూ షోకేసు తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది. ఉతకని గలీబును మడిచి ఫోటో ముందు పరిచి, దాని మీద బుడ్డి నిలబెట్టింది. సాధనను పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఏడాదిగా ఆమె ప్రార్థన భర్తను తలచుకునే మొదలయ్యేది. ఆరోజు "ప్రభువా, నా సాధన..." అని మొదలైంది.