ప్రశాంతపత్రం

ఇరవై ఒకటో అంతస్తు వసారాలో ఒక పసిపిల్ల కిలకిలా నవ్వింది. తల్లి చటుక్కున దాని నోరు మూసి, అసిరమ్మ వైపు భయంగా చూసింది.

"ఏటీ లేదక్కా. కాకిని సూసి నవ్వీసినాది. ఇంకెప్పుడూ నవ్వదు."

పిల్లకింకా చెవిరేకు అంటించలేదు కాబట్టి ఆ నవ్వు లెక్కలోకి రాదు. అయినా అలవాటు మంచిది కాదని చెప్పాలి. ఆ మాటైనా చెప్పబుద్ధి కాక, అసిరమ్మ తర్వాతి గుమ్మం వైపు నడిచింది.

చెవిరేకు వచ్చి ఒక తరం గడిచింది. చెవి వెనుక చర్మానికి అతుక్కునే ఆ పలుచని రేకు, మనిషిలోని వేదనను కొలిచి అంకెగా చెబుతుంది. ఆ అంకెకు ఆర్తి అని పేరు పెట్టారు. అంతకు మునుపు ఆసుపత్రిలో మంచం కావాలన్నా, వీధిలో కుళాయి కావాలన్నా ఎవరిదో సిఫారసు ఉండాలి, లేదా ఎవరిదో చెయ్యి తడపాలి. రేకు వచ్చాక ఆ పీడ విరగడైంది. ఎవరి ఆర్తి ఎక్కువైతే వారి అర్జీ ముందు. ఇంతకంటే న్యాయం ఏముందని జనం వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు. అంత బాహాటంగా చేసుకున్న సంబరాలు మళ్ళీ లేవు. నవ్వితే అంకె పడిపోతుందని అందరికీ త్వరలోనే అర్థమైంది. పెళ్ళిళ్ళు తలుపులు బిగించుకుని చేసుకోసాగారు. కొడుకు పరీక్ష నెగ్గితే తల్లి పాయసం పెట్టి, వాడి ఆర్తి తగ్గకుండా నాలుగు తిట్లు కూడా తిట్టేది.

అసిరమ్మ వాళ్ళది పెదగొంది వాడ. రేవు పెరిగి ఆ వాడను మింగేశాక, అక్కడి జాలరి కుటుంబాలను తెచ్చి ఈ మేడలో పదమూడో అంతస్తు నుంచి పైకి సర్దారు. కింది పన్నెండూ కొనుక్కున్నవారివి. లిఫ్టు పన్నెండు దగ్గర ఆగిపోతుంది. పైన ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపు ఉంది, మీట ఉంది, లోపల తాడు కప్పు దాకా ఉంది. లేనిదల్లా అనుమతి. పైవాళ్ళ రేకును గుర్తుపడితే పన్నెండో అంతస్తులో కూడా ఆ తలుపు తెరుచుకోదు. ముసలివాళ్ళనీ, రోగులనీ, నిండు చూలాళ్ళనీ మెట్ల మీదుగా కుర్చీలో మోసుకుపోవాల్సిందే. అనుమతి కోసం పెట్టిన అర్జీకి ఏళ్ళు నిండాయి. ఆ అర్జీ సంఘానికి అసిరమ్మే పెద్ద. పై అంతస్తుల సగటు ఆర్తి పడిపోకుండా చూడటం ఆమె పని. పాట లేదు, పేకాట లేదు, వేళాకోళం లేదు. "నవ్వినోళ్ళు మనందరికీ అన్నాయం సేసినట్టే" అని ఆమె గుమ్మం గుమ్మానికీ చెప్పింది. జనం విన్నారు.

రేకు చెవిలో చిన్నగా గుయ్యిమంది. ఆ రేకులోంచే మాట్లాడే ఆర్తిశాఖ పరిశీలకుడు వామనమూర్తి. మర్యాదస్తుడు. ఎన్నడూ ఇటు వచ్చి ఎరగడు, రావలసిన అవసరమూ లేదు.

"అసిరమ్మ గారూ, మీ సగటు మళ్ళీ పడిందండి. ఈ మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు తీసే కొలతలో ఇంకా దిగితే మీ అర్జీ మూసేస్తాం. మీ అంతస్తులకు ప్రశాంతపత్రం ఇస్తారు."

"అదేటి బాబూ? మెట్లెక్కలేక సత్తన్నాం. పెశాంతమేటి?"

"రేకు చెప్పిందే నేను చెబుతున్నాను. మీలో వేదన లేదు. వేదన లేనివారిని ప్రశాంతులనే కదా అంటాం. ఎవరైనా చాటుగా నవ్వుతున్నారేమో చూసుకోండి."

"పత్రం వచ్చినాక మళ్ళీ అర్జీ ఎట్టుకోవచ్చా?"

"ప్రశాంతులకు అర్జీ ఎందుకండీ?" అన్నాడు వామనమూర్తి. ఎగతాళికి కాదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

అసిరమ్మ గోడకు ఆనుకుని తన రేకును వేలితో నొక్కింది. నొక్కినవారి చెవిలో మాత్రమే అది అంకె చెబుతుంది.

"సున్నా" అంది రేకు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నిరుడు ఆమె భర్త గురయ్యకు గుండెనొప్పి వస్తే మోతవాళ్ళు కుర్చీలో కిందికి మోసుకుపోతూ ఉండగా, ఆమె వెనకే దిగి అందుకునేలోపు దారిలోనే పోయాడు. ఆనాడు ఆమె ఆర్తి ఎంత ఎత్తుకు లేచిందంటే, ఆ ఒక్క అంకె పుణ్యాన మేడ అర్జీ ఎంతో ముందుకు జరిగింది. సంఘంలో అందరూ ఆమెను కళ్ళకద్దుకున్నారు. అప్పటినుంచి ప్రతి మధ్యాహ్నం గంట కొట్టే వేళకు ఆమె గురయ్యను తలుచుకునేది, పిండిన నిమ్మచెక్కనే మళ్ళీ పిండినట్టు. కొన్నాళ్ళకు చుక్క కూడా రాలేదు. అన్నం రుచి పోయింది. మొన్న గంజి ఒలికి మణికట్టు కాలితే, బొబ్బ లేవడాన్ని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూస్తూ కూర్చుంది. తనలో ఏదో పాడైపోయిందనీ, మిగతావాళ్ళు బాగానే ఏడుస్తున్నారనీ ఆమె అనుకుంది.

అందుకే చాటుగా నవ్వే మనిషిని పట్టుకోవాలి. అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ తలుపుల దగ్గర చెవి పెట్టి వింది. ఎక్కడా అలికిడి లేదు. పద్దెనిమిదో అంతస్తు దాటుతుండగా కింద మెట్ల మలుపులోంచి నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, నలుగురైదుగురిది.

మోతవాళ్ళు. వాసాలకు కట్టిన కుర్చీలో ముసలి పోలమ్మ, ముందు ఆమె కొడుకు నూకరాజు, వెనుక కోడలు కోదండమ్మ, పక్కన సాయానికి మరో ఇద్దరు. పోలమ్మ కాలు వాచిపోయి దోసకాయంత ఉంది. దాన్ని కింద వైద్యశాలలో చూపించడానికి తీసుకుపోతున్నారు. పోలమ్మ మెడ నిటారుగా పెట్టి, పన్నెండో అంతస్తు లిఫ్టులో పలికే ఆ పట్నపు గొంతును అచ్చం దింపేస్తోంది.

"పదిహేడవ అంతస్తు. తలుపులు తెరుచుకొనుచున్నవి. ఎండుచేపల వాసన గల ప్రయాణికులు వెనుకకు నిలబడవలెను."

వెనుక ఉన్న కోదండమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీని గోడకు ఆనించేసింది.

"సిగ్గు లేదేటే!" అంది అసిరమ్మ. గొంతులో కోపం కూడా సరిగా రాలేదు. "ఇయ్యాలే ఆకరి కొలత. మీ మూలంగా అర్జీ పోతన్నాది. రేకు నొక్కు. నీ అంకెంతో నాను వినాల."

కోదండమ్మ మారు మాట్లాడకుండా రేకు నొక్కింది. అసిరమ్మ ఆమె చెవికి తన చెవి ఆనించింది. డెబ్బై ఎనిమిది. అంత అంకె ఆమె విని ఏడాదైంది. నమ్మలేక నూకరాజు దగ్గరికి పోయింది. ఎనభై. మిగతా ఇద్దరివీ ఇంచుమించు అంతే.

"మరి సగటు దించుతున్నది ఎవులే?"

"నీదెంతొదినా?" అంది కోదండమ్మ.

వినబడనట్టు ఊరుకోవచ్చు. కాని ఆమెకు అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"సున్నా."

పైమెట్ల మీద ఎవరో కదిలారు. మాటలు విని గుమ్మాల్లోంచి వచ్చి నిలబడ్డవాళ్ళు. "నాదీ సున్నాయే" అంది ఒకామె, తప్పు చేసినట్టు. "నాదీ" అన్నాడు ఇంకొకాయన. చెప్పినవాళ్ళంతా అసిరమ్మ మాట తూచా తప్పకుండా విన్నవాళ్ళే.

"మేం నవ్వకపోతే మొయ్యలేం ఒదినా" అంది కోదండమ్మ. "నవ్వుతుంటే ఊపిరాడతాది. బరువు తెలవదు. కుర్చీ దించినాక తెలుత్తాది, ఈ ముసిల్ది కిందటేటికంటే ఎంత సులకనైపోనాదో. అప్పుడు గుండె పిండీసినట్టుంతాది. ఏడుత్తాం. మళ్ళీ మోత్తాం."

"మా ఆయన్ని మోసినప్పుడూ నవ్వినారా?"

నూకరాజు తల దించుకున్నాడు.

"నవ్వినాం" అంది కోదండమ్మ. "ఈ లిఫ్టు గొంతు కనిపెట్టిందే అన్నయ్య. నీకు సెప్తే నీ దుక్కం తగ్గిపోతాదని, అందరి అర్జీ పాడైపోతాదని సెప్పలేదు. పలుకూ ఉలుకూ లేకుండా పోనాడని అబద్ధమాడినాం. నన్ను తిట్టొదినా."

"ఏటన్నాడు ఆకర్న?"

కోదండమ్మ, ఆ గొంతు అచ్చంగా పలికే అత్తవైపు చూసింది. పోలమ్మ మెల్లగా, ఆ గొంతుతోనే చెప్పింది.

"పన్నెండవ అంతస్తు. ఇచ్చట నుండి మనుషులు నివసించుచున్నారు." తర్వాత కోదండమ్మ అంది, "అనీసి ముందు అన్నయ్యే నవ్వినాడొదినా. మేమూ నవ్వినాం. తిరిగి సూత్తే..."

అసిరమ్మ గొంతులోంచి ఏదో వచ్చింది. దగ్గు అనుకున్నారు. నవ్వు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు కిర్రుమంటూ వచ్చింది, ఆ తర్వాత ఆగలేదు. ఆ మాట ఆయనదే. ఆ ఎత్తిపొడుపు ఆయనదే. ఇంకెవరికీ ఆ వేళ అలాంటి మాట తోచదు. ఆమె మెట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే చెంపలు తడిసిపోయాయి. మధ్యాహ్నం గంట కొట్టింది. ఆమె గమనించలేదు.

లేచాక ఆమె నూకరాజు భుజం మీది వాసాన్ని తన భుజం మీదికి తీసుకుంది. పన్నెండో అంతస్తుకు దిగేసరికి మోకాళ్ళు నొప్పెట్టాయి. ఆ నొప్పి తెలిసినందుకు ఆమెకు ఆశ్చర్యం వేసింది. అక్కడ లిఫ్టు తలుపు తెరుచుకుని, ఎవరో కూరల సంచీతో దిగుతున్నారు. రోజూ అయితే మోతవాళ్ళు తల వంచుకుని పక్కనుంచి మెట్ల మీదికి పోతారు. అసిరమ్మ మాత్రం కుర్చీని తిన్నగా లిఫ్టులోకి తిప్పింది. వాసం గుమ్మానికి అడ్డంగా పడింది. తలుపు మూసుకోలేక కొట్టుకోసాగింది.

"అత్తా, నీ కాలు?" అంది కోదండమ్మ.

"ఇన్నేళ్ళు ఆగినాది, ఇంకో గంట ఆగలేదేటి? ఆ డాక్టరమ్మనే ఎక్కి రమ్మనండి" అంది పోలమ్మ, సర్దుకుని కూర్చుంటూ.

అసిరమ్మ అన్నిటికంటే పైన ఉన్న మీట నొక్కింది. లిఫ్టు కదల్లేదు. ఆమె లిఫ్టు గచ్చు మీద కూర్చుంది. కోదండమ్మ ఆమె పక్కన కూర్చుంది. మెట్ల మీది జనం ఒక్కరొక్కరే దిగి వస్తున్నారు.

రేకు గుయ్యిమంది. వామనమూర్తి గొంతులో మొదటిసారి తొట్రుపాటు.

"అసిరమ్మ గారూ, మీ రేకులో ఏదో లోపం. నవ్వు, వేదన ఒకేసారి నమోదవుతున్నాయి. అలా వీలుపడదు. దయచేసి నవ్వు ఆపండి. వేదన ఒక్కటే నిలిస్తే ఈ పూటే మీ అర్జీ మొదటి స్థానానికి వస్తుంది. ఇంత అంకె నేనెన్నడూ చూడలేదు. నవ్వు ఆపండి, చాలు."

ఇన్నేళ్ళుగా ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. అందుకని నిజంగానే ప్రయత్నించింది. పెదవులు బిగించి గురయ్య గొంతును మనసులోంచి నెట్టేసింది. వెంటనే కన్నీళ్ళు కూడా సన్నగిల్లాయి. కాళ్ళ దగ్గరనుంచి ఆ పాత మొద్దుబారిన చల్లదనం మెల్లగా పైకి పాకింది. ఆమె హడలిపోయి బిగించిన పెదవులు వదిలేసింది.

"ఆపలేను బాబూ. ఒకటి ఆపితే రెండోది కూడా పోతన్నాది."

"మరి అర్జీ?"

"మూసీండి. మేం ఈ లిఫ్టులోనే ఉన్నాం. అది పైకి కదిలేదాకా దిగం. ఏదైనా సెప్పాలంటే మీరే వచ్చి సెప్పండి."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఎలా రావాలో అతనికి తెలియదు కాబోలు. అసిరమ్మ రేకును ఊడదీసి పక్కన పెట్టి, కోదండమ్మ చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన సచ్చిపోనాడే కోదండీ" అంది, ఆ కబురు ఇప్పుడే అందినట్టు.

"అవునొదినా" అంది కోదండమ్మ.