కొంగ మెడ మీది నునుపు

డిటెక్టివ్ మేడమ్, ఆమె అసిస్టెంటు లోపల అడుగుపెట్టేసరికే ఇంట్లో గొడవ బాగా ముదిరిపోయింది. భోజనాల గదిలో ఆడపడుచు ఈ చివర, కోడలు ఆ చివర. మధ్యలో స్టీలు కొంగ.

"ఈ ఇనప సామాను తుడవలేక నడుం పడిపోతోంది, తూకానికి వేసేస్తే పీడా పోతుందని అన్నావా లేదా?" అంది ఆడపడుచు.

"అన్నాను. తుడిచేది నేను కాబట్టి అన్నాను. రెండ్రోజులు మీరు తుడవండి వదినా, మీరూ అంటారు," అంది కోడలు.

కొంగ అంటే కుర్చీయే. ఇంటిపెద్ద అయిన ముసలాయన లోహంతో శిల్పాలు చేసేవాడు, కానీ వాడకానికి రాని శిల్పం ఏనాడూ చెయ్యలేదు. ఆ ఇంట్లో గరిటెలు వేలాడేది ఇత్తడి తీగకి, దీపం వెలిగేది రాగి పువ్వులో. కుర్చీలో కూర్చుంటే వీపుకీ కుడిచేతికీ రెక్కలు ఆనుతాయి. ఎడమవైపు పొడుగాటి మెడ పైకి లేస్తుంది.

ఆ కుర్చీని పెద్ద ఎగ్జిబిషన్‌కి అడిగారు. పొద్దున్నే రావాల్సిన లారీ దారిలో ఆగిపోయి సాయంత్రానికి వాయిదా పడింది. ఈలోగా ముసలాయన అలవాటు ప్రకారం కాఫీ కప్పు పట్టుకుని అందులో కూర్చున్నాడు. కుర్చీ ఊగింది, కాఫీ ఒలికింది. "ఇది నా కొంగ కాదు," అన్నాడాయన. వెంటనే కూతురు మరదలి మీద పడింది. అసలుది అమ్మేసి నకలు పెట్టిందంది. కొడుకు, అంటే కోడలి భర్త, పేపరులోకి తల దించుకున్నాడు. లోపలి గదిలో మంచం మీద కోడలి చీరలతో సగం సర్దిన సూట్‌కేసు కనబడుతోంది.

డిటెక్టివ్‌కి ఫోను చేసింది ముసలాయనే. "కొంగ దొరక్కపోతే పోనివ్వండి. మా కోడలు ఈ నింద మోసుకుంటూ ఈ గడప దాటకూడదు," అన్నాడు.

అసిస్టెంటు ఒకప్పుడు బ్యాంకు గుమాస్తా. దొంగ సంతకాలు పట్టిన కళ్ళతో కుర్చీని అంతా చూసి, ఇందులో వంక పెట్టడానికేమీ లేదన్నాడు. మేడమ్ నవ్వి, కుర్చీని వరండాలోకి మోయించింది. అక్కడ అది కదలకుండా నిలబడింది.

"భోజనాల గదిలో కొంగ ఉండే చోట ఒక పక్క నేల తూము వైపు దిగి ఉంటుంది. అందుకని కొంగని ఇంటికి తెచ్చాక ఒక వెనక కాలికి వేలి మందం ముక్క అతికాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు," అన్నాడు ముసలాయన.

ఆమె కళ్ళు మూసుకుని స్టీలు మీద వేళ్ళు నడిపించింది. కుడి రెక్క చివర నున్నగా అరిగి ఉంది. మెడ మాత్రం గరుగ్గా ఉంది. కుర్చీని మళ్ళీ గదిలో పెట్టించి, ఒక్కొక్కరినే పిలిచింది.

పాత వస్తువులు కొనే మనిషిని ఒకసారి ఇంటికి తెచ్చిన మాట నిజమేననీ, నాన్న పొమ్మంటే అతన్ని వెనక్కి పంపేశాననీ ఒప్పుకుంది ఆడపడుచు. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక వర్క్‌షాపు కొడుకే చూస్తున్నాడు. అడిగినదానికల్లా అవును, కాదు అని తేల్చేశాడు. గేట్లూ కిటికీ చువ్వలూ తప్ప తనకేమీ రాదన్నాడు.

కోడలు చిక్కుడుకాయల గిన్నెతో వచ్చింది. మాట్లాడుతూనే, చూసుకోకుండా కొంగలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఎడమ చెయ్యి దాని మెడ చుట్టూ వేసి కాయలు ఒలవబోయింది. కుర్చీ ఊగింది. ఆమె ముళ్ళ మీద కూర్చున్నట్టు లేచిపోయింది.

"రోజూ ఇలాగే కూర్చుంటారా?" అడిగింది మేడమ్.

"భోజనాలయ్యి అందరూ గదిలోంచి వెళ్ళాకనే లెండి. తిట్టుకున్నా, నడుముకి హాయిగా ఉండేది అదే."

మేడమ్ అసిస్టెంటుని వెంటబెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్ళింది. గోడకి ముసలాయన అట్ట నమూనాలు వేలాడుతున్నాయి. అన్నిటి మీదా దుమ్ము, కొంగ నమూనా మీద తప్ప.

లారీ వచ్చే వేళకి అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టింది.

"ఈ నకలు అట్ట నమూనాల్ని బట్టి చేసింది," అని మొదలుపెట్టింది. "అట్టల్లో నాలుగు కాళ్ళూ సమానం, అందుకే ఇక్కడ ఊగింది. చేసిన మనిషి అరుగుదల కూడా జ్ఞాపకం మీద దిద్దాడు. కుడి రెక్క మీద పెద్దాయన చెయ్యి ఎక్కడ ఆనుతుందో అతనికి తెలుసు. మెడ దగ్గర ఏమీ చెయ్యలేదు. ఈ ఇంట్లో పగటిపూట ఆ కుర్చీలో ఎవరు ఎలా కూర్చుంటారో అతను చూడలేదు. ఈవిడే చేయించి ఉంటే మొదట చెప్పేది మెడ సంగతే. నమూనాలు చేతిలో ఉండి, ఇంత పనితనం ఉండి, పగలు ఇంట్లో లేని మనిషి ఒక్కడే."

అసిస్టెంటు ఆ క్షణంలో తన యజమానురాలి వంక తప్ప ఇంకెవరి వంకా చూడలేదు.

"అసలుది వర్క్‌షాపులో టార్పాలిన్ కింద ఉంది," అన్నాడు కొడుకు, తల వంచుకుని. "లారీ వెళ్ళాక మళ్ళీ ఇక్కడే పెట్టేవాణ్ణి. నా చేతి పని ఒక్కసారి అక్కడ నిలబడాలనుకున్నాను. నాన్నదే అనుకుని నలుగురూ మెచ్చుకున్నాక చెబుదామని."

"మరి పొద్దున్న నన్ను అంటుంటే?" అంది కోడలు.

ఆడపడుచు కొంగు సవరించుకుంటూ కూర్చుంది. ముసలాయన నకలు కుర్చీ చుట్టూ తిరిగి, అతుకులన్నీ తడిమి, "బాగా చేశాడు వెధవ," అన్నాడు గొంతులోనే.

అసలు కొంగని తెచ్చి దాని చోట పెట్టారు. అది ఊగలేదు. కోడలు అందులో కూర్చుని నునుపెక్కిన మెడ చుట్టూ చెయ్యి వేసింది. అందరి ముందూ అలా కూర్చోవడం ఆమెకి అదే మొదలు.

"ఇది ఎక్కడికీ వెళ్ళదు మామయ్యగారూ, ఇది నాది," అంది, గొంతు పెంచకుండా. "ఆయన చేసింది వెళ్తుంది, ఆయన పేరుతో. ఎవరు చేశారో లారీ ఎక్కించకముందే ఆయనే వాళ్ళకి ఫోన్ చేసి చెప్తారు. వాళ్ళు వద్దంటే వరండాలో ఉంటుంది, అక్కడ నేల సమంగానే ఉంది. సూట్‌కేసు సంగతి ఆ ఫోను అయ్యాక చూస్తాను."

కొడుకు లేచి ఫోను దగ్గరికి నడిచాడు.