రెండు మెల్లగా, ఒకటి గట్టిగా

ఉదయం తొమ్మిదింటికి కొరియర్‌ను లిఫ్టులో చంపేశారు. పదింటికల్లా అతని పని నిఘంటువు ఆఫీసు ప్రూఫ్‌రీడర్ నెత్తిన పడింది.

ఇంగ్లిష్ మాటల్ని ముక్కలు చేసి మధ్యలో చుక్కలు పెట్టడం, ఏ ముక్కను నొక్కి పలకాలో గుర్తు వేయడం ఈ ప్రూఫ్‌రీడర్ పైకి చేసే ఉద్యోగం. లోపల గూఢచార శాఖ మనిషి. అయినా ఇరవయ్యేళ్లలో పిస్తోలు ముట్టుకున్న పాపాన పోలేదు.

చీఫ్ ఫోన్‌లోనే బ్రీఫింగ్ ముగించాడు. కొరియర్ చేతికి అందకుండానే ఇప్పుడు ప్రూఫ్‌రీడర్ జేబులోకి చేరిన పెన్నులో మైక్రోఫిల్మ్ ఉంది. అందులో శత్రుదేశంలో మారువేషాల్లో ఉన్న పదకొండుమంది పేర్లు. ఐదో పేరు ప్రూఫ్‌రీడర్ సొంత అక్కది. మూడింటికి ఒకావిడ వస్తుంది, వేరే ఊళ్లో పదిహేనేళ్లు ఇదే చుక్కల పని చేసిన మనిషి. కోడ్‌వర్డ్ 'ప్యూసిలానిమస్‌లీ'ని ముక్కలుగా విడగొట్టి చెబితే పెన్ను ఇవ్వాలి. తేడా వస్తే టేబుల్ కింద బెల్ నొక్కాలి, పక్కగదిలో మనుషులుంటారు. చచ్చిపోయిన కొరియర్‌కూ ఆ కోడ్ తెలుసు. చంపినవాళ్లు అతని చేత చెప్పించి ఉంటే?

మూడింటికి ఆవిడ వచ్చింది. నల్లకళ్లద్దాలు, తెల్ల గ్లౌజులు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు. చేతులు టేబుల్ మీద పెట్టి చిన్నగా నవ్వింది.

"ప్యూ, సి, లా, ని, మస్, లీ. ఆరు ముక్కలు. నొక్కేది మూడోది. లాటిన్‌లో పుసిల్ అంటే పిసరంత, ఆనిమ్ అంటే మనసు. ఆ తర్వాత అస్, చివర లీ. మొత్తం కలిపితే, పిరికిగా."

ఒక్క తప్పు లేదు. అతను జేబులోంచి పెన్ను సగం తీశాడు. అప్పుడే ఆవిడ గ్లౌజులు చూశాడు. ఒక్క వేలూ కదల్లేదు.

ఈ పని చేసేవాళ్లు మాటను విడగొడుతూ వేలితో ముక్కకో దరువు, నొక్కే ముక్కకు గట్టి దరువు వేయకుండా ఉండలేరు, నిద్రలోనైనా సరే. ఆ దరువు భరించలేకే అతని భార్య మంచం వేరు వేయించుకుంది.

"మళ్లీ ఒకసారి చెప్పండి మేడమ్. నాకు కాస్త చెవుడు."

ఆవిడ చెప్పింది. వేళ్లు అలాగే ఉన్నాయి. ఈవిడ చుక్కల పని చేసిన మనిషి కాదు. అక్క ప్రాణం తన జేబులో ఉంది. మోకాలితో బెల్ నొక్కి, సగం తీసిన పెన్ను లోపలికి తోసి, తను తప్పులు దిద్దే ఎర్రసిరా పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి మూత తిప్పింది. తెల్ల గ్లౌజు ఎర్రబడింది. ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోవడం, అతను టేబుల్ కింద దూరడం, చీఫ్ మనుషులు తలుపు తోసుకొచ్చి ఆ చెయ్యి ఒడిసిపట్టడం ఒక్కసారే జరిగాయి.

పది నిమిషాల్లో చీఫే వచ్చాడు. ఆవిడ రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్ అని, అసలావిడ ఓ తాళం వేసిన గదిలో క్షేమంగా దొరికిందని, అక్కకు ఇక ఢోకా లేదని చెప్పాడు. తర్వాత వంగి టేబుల్ కిందికి చూశాడు.

"ఇంత పని ఎలా చేశావయ్యా?"

ప్రూఫ్‌రీడర్ ఇంకా బయటికి రాలేదు. అక్కణ్ణుంచే వేలితో నేల మీద కొట్టి చూపించాడు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా, మూడు మెల్లగా.