ఎడమ కాలికి పని లేదు

ఆ ఉదయం కూడా ఆమె మంచం అంచున కూర్చుని, ఎడమ మోకాలి కింద మిగిలిన కాస్త కాలికి మేజోడు తొడిగి, పెట్టుడు కాలు తగిలించి బెల్టు బిగించుకుంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేసుకునే పనే. బెల్టు మూడో కన్నం దగ్గర తోలు చీలిపోతోంది. ఇవాళ బయటికి వెళ్ళడానికి ఆ చీలికే సాకు.

వంటింట్లోకి వెళ్ళేసరికి కూతురు నిలబడే టీ తాగుతోంది.

"కూర్చుని తాగవే. ఆ గ్లాసు ఎలా వణుకుతోందో చూడు."

"వణకట్లేదమ్మా. వేడిగా ఉంది."

"వేడైతే చెయ్యి మార్చుకుంటారు. వణకరు."

కూతురు నవ్వబోయి ఊరుకుంది. బయట నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మాస్టారు బండి కడుగుతున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఆ ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. భార్య అయినా ఆమె కూడా మనసులో ఆయన్ని మాస్టారనే అనుకుంటుంది.

"చిట్టీ!" అని కిటికీలోంచి కేకేశారు ఆయన. "సాయంత్రం ఆరింటికి రెడీగా ఉండు. ఎత్తు రోడ్డు మీద ప్రాక్టీసు. నా దగ్గర నేర్చుకుని మూడుసార్లు తప్పినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. ఒకాయనకి ఒక చెవి వినపడదు. రెండోది నా కూతురు. నాలుగోసారి కూడా నా తల కొట్టేయకు."

"అలాగే నాన్నా" అంది చిట్టి, గ్లాసులోకి చూస్తూ.

"బెల్టు చీలిపోయింది. మేమిద్దరం అలా వెళ్ళి బాగు చేయించుకొస్తాం" అంది తల్లి.

"నేను దింపుతానుండు."

"మీకు పదింటికి క్లాసుంది కదా. బస్సులో వెళ్తాంలెండి."

అబద్ధం ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

చిట్టి రెండేళ్ళు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి ఎముకలు తేలిపోయింది. ఇప్పుడు పగటి ఉద్యోగం దొరికింది. ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళకి కట్లు మార్చాలి, మందులివ్వాలి. కారు వాళ్ళే ఇస్తారు. ఒకటో తారీఖులోగా లైసెన్సు చూపించకపోతే మాత్రం ఆ చోటు ఇంకో అమ్మాయికి వెళ్ళిపోతుంది. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆ కారు ఆటోమేటిక్ అని తెలిసినప్పటి నుంచీ, ఊరికి ఆ చివర ఒకావిడ దగ్గర, చిట్టి తండ్రికి తెలియకుండా మూడు వారాలుగా నేర్చుకుంటోంది. ఇవాళ పదిన్నరకి పరీక్ష.

తండ్రికి చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆటోమేటిక్ అన్న మాట వింటేనే ఆయన పెదవి విరుస్తారు. "అది కారా? పిల్లల్ని కూర్చోబెట్టి ఊపే ఉయ్యాల" అంటారు.

పరీక్ష జరిగే చోట రేకుల షెడ్డు కింద పొడవాటి బెంచీ ఉంది. తల్లి దాని చివర కూర్చుంది. చిట్టి కారు ఎక్కుతూ ఒకసారి వెనక్కి చూసింది. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు అట్ట మీద కాగితం బిగించుకుని కూర్చున్నాడు. కారు చప్పుడు లేకుండా కదిలి మలుపు తిరిగింది.

తల్లి కళ్ళు అవతలి ఎత్తు మీదే ఉన్నాయి. మూడుసార్లూ చిట్టి తప్పింది అక్కడే. ఎత్తు మీద ఆపమంటారు, మళ్ళీ బయల్దేరమంటారు. బయల్దేరేటప్పుడు ఇంజను ఠక్కున ఆగిపోయేది, బండి వెనక్కి జారేది. మూడుసార్లూ ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది పిల్ల.

ఆ పిల్ల ఎందుకు తప్పుతోందో తల్లికి తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు.

నేర్పే బండిలో మాస్టారి వైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. మాస్టారు వాటిని ముట్టుకోరని ఊరంతా చెప్పుకుంటారు. కాళ్ళు రెండూ సీటు కిందికి మడిచి కూర్చుంటారు. "నీ తప్పు నువ్వే చెయ్యాలి, నువ్వే దిద్దుకోవాలి" అన్నది ఆయన పాఠం. నాలుగు నెలల కిందట ఆసుపత్రికి వెళ్తూ తల్లి వెనక సీట్లో కూర్చుంది. చిట్టి నడుపుతోంది, మాస్టారు పక్కనున్నారు. గేరు మార్చిన ప్రతిసారీ ఆయన మోకాలు లేచి పడుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన పాదం పెడల్ మీద నిలబడి, కూతురి పాదం కన్నా ముందే మెల్లగా వదులుతోంది. కూతురు రోడ్డు చూస్తోంది కాబట్టి ఆమెకి తెలియలేదు. బండి వెన్నలా సాగిపోయింది. "చూశావా, ఎంత బాగా నడిపావో" అన్నారు మాస్టారు.

పరీక్ష రోజున ఆ పాదం పక్కన ఉండదు.

తల్లి అదంతా చూసింది. ఆ తర్వాత ఇంటికొచ్చి, ఎవరితోనూ అనకుండా పిల్ల బట్టలు మడతపెట్టింది.

కారు ఎత్తు మీద ఆగింది. తల్లి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. కారు నిమిషం సేపు అక్కడే ఉన్నట్టనిపించింది. తర్వాత, ఎవరో కింది నుంచి ఎత్తి పట్టుకున్నట్టు, నింపాదిగా పైకి వెళ్ళిపోయింది.

చిట్టి కాగితం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. దాన్ని తల్లి ఒళ్ళో పెట్టింది.

నేర్పిన ఆవిడ నలభై దాటిన మనిషి, గలగలా మాట్లాడుతుంది. "పదండి, నేనే దింపేస్తా. పాసైనవాళ్ళని బస్సెక్కిస్తే నాకు పేరుండదు" అని ఇద్దర్నీ కారెక్కించింది. దారిలో తల్లి ముందుకు వంగి చూసింది.

"ఇంకో పెడల్ ఏదమ్మా? రెండే కనబడుతున్నాయి."

"క్లచ్చా? ఇందులో ఉండదక్కా. ఎడమ కాలికి అసలు పనే లేదు. ఎడమ కాలు లేనివాళ్ళకి కూడా నేర్పాను, ఇద్దరికి. ఒకాయన ఇప్పుడు రోజూ మనవల్ని బడికి దింపుతున్నాడు."

బట్టల కింద తల్లి కాలు ఎలాంటిదో ఆవిడకి తెలియదు. చిట్టి చటుక్కున తల తిప్పి తల్లిని చూసింది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఈ కార్లు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయమ్మా?" అంది కాసేపాగి.

"అబ్బో! నేను చిన్నపిల్లప్పటి నుంచీ ఉన్నాయి."

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా తల్లి ఆ రెండు పెడల్స్ వంకే చూస్తూ కూర్చుంది.

మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చెప్పులైనా విప్పలేదు. మోకాలి మీద ఫోన్ ఉంది.

"బాగైందా బెల్టు?"

చిట్టి చేతిలో కాగితం వెనక్కి దాచుకుంది.

"ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. స్వీట్లు ఎప్పుడు మాస్టారూ అన్నాడు. దేనికయ్యా అన్నాను. పగలబడి నవ్వాడు. ఇంట్లో స్కూలు పెట్టుకుని మీ అమ్మాయి వేరే చోట నేర్చుకుందేం అని కూడా అడిగాడు. ఏం చెప్పమంటావు నన్ను?"

"పాసయిందని చెప్పు నాన్నా."

"దాన్ని పాసవడం అంటారా? ఆ కాగితం మీద చూసుకో, ఆటోమేటిక్ బండికి మాత్రమే అని ఉంటుంది. సగం లైసెన్సు! డ్రైవింగ్ మాస్టారి కూతురికి సగం లైసెన్సు! రేపు నా ముఖాన ఉమ్మేస్తారు."

"ఆ సగమే నాకు కూడు పెడుతుంది నాన్నా."

"సరిగ్గా నేర్చుకోవడం చేతకాక…"

"చేతకాక?" చిట్టి గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆవిడ మొదటిరోజు క్లచ్ బండి కూడా ఇచ్చి చూసింది. సంగతి తెలిసిపోవడానికి ఆవిడకి రెండు నిమిషాలు పట్టలేదు. 'నీ కాలికి క్లచ్ అంటే ఏంటో తెలీదమ్మా, ఇన్నాళ్ళూ నీ బదులు ఎవరో తొక్కారు' అంది. ఎనిమిది నెలలు నాకే బుర్ర లేదనుకున్నాను నాన్నా. అద్దంలో నా మొహం చూసుకుని నేనే తిట్టుకున్నాను. నా పక్కన కూర్చుంది నువ్వొక్కడివే. తొక్కింది నువ్వేనా?"

"నేనా?" మాస్టారు లేచి నిలబడ్డారు. "నా కాళ్ళెక్కడుంటాయో ఊరందరికీ తెలుసు! కావాలంటే మీ అమ్మనడుగు."

"తొక్కారు" అంది తల్లి.

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేను చూశాను. నాలుగు నెలల కిందట, ఆసుపత్రికి వెళ్ళిన రోజున."

చిట్టి మెల్లగా తల్లి వైపు తిరిగింది. "నాలుగు నెలలా? ఆ తర్వాత రెండుసార్లు తప్పానమ్మా. పక్కన కూర్చుని తల నిమిరావు. పోనీలే, మళ్ళీ వెళ్దువుగాని అన్నావు."

"అన్నాను. తప్పితే స్టీరింగు జోలికి పోవనుకున్నాను. నీ రెండు కాళ్ళూ నీకుంటాయనుకున్నాను." తల్లి గోడ పట్టుకుని నిలబడింది. "ఆయన చేసిన దాంట్లో నాకూ వాటా ఉంది. తిట్టాలంటే నన్నూ కలిపి తిట్టు."

చిట్టి తిట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఎవరికో పాఠం చెబుతున్నట్టు నేల చూస్తూ మాట్లాడారు.

"ఇరవై రెండేళ్ళ కిందట నీకు నేర్పుతున్న రోజున, ఎత్తు మీద నీ చేతిలో ఇంజను ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కడానికి నాకు రెండు సెకన్లు టైముంది. నీ తప్పు నువ్వే దిద్దుకుంటావని కాళ్ళు మడుచుకునే కూర్చున్నాను. బండి గట్టు దిగిపోయి బోల్తా పడేదాకా నేను కాలు చాపలేదు. నువ్వేమో ఆసుపత్రిలో అందరికీ తప్పంతా నీదేనని చెప్పావు. నేను ఊఁ కొట్టాను. ఇప్పటిదాకా ఊఁ కొడుతూనే ఉన్నాను. చిట్టి పక్కన కూర్చుంటే కాలు దానంతటదే వెళ్ళిపోయేది. ఆపుదామనుకున్నాను. ఆగేది కాదు."

ఇరవై రెండేళ్ళుగా తన చేతకానితనమే తన కాలు తీసేసిందని ఆమె నమ్మింది. ఆ నమ్మకంతోనే ఇంట్లో కూర్చుని ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలు కుట్టింది. తన తల్లిని పోయే ముందు చూడాలని పుట్టింటికి బయల్దేరి, రెండు బస్సులు మారి, ఆలస్యంగా చేరింది. ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని బతిమాలుకుని వెళ్ళడమే. ఆమె అవన్నీ పైకి అనలేదు. ఒక్కటే అడిగింది.

"ఎడమ కాలు లేకపోయినా నడపగలిగే కార్లున్నాయని మీకు తెలుసా?"

ఆయన తలెత్తలేదు.

"తెలుసా అంటున్నాను."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

బయట రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె అది దాటిపోయేదాకా ఆగింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మళ్ళీ స్టీరింగు పట్టుకుంటే…" మాస్టారు తన పాదాల వైపు చూసుకున్నారు. "పక్కన నేను కూర్చోవాలి కదా."

ఆమె కోపంతో కేకలు వేస్తుందేమోనని ఆయన చూశారు. కేకలు వేస్తేనే బాగుండేది. ఆమె గోడ వదిలి, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటున్నట్టు నడుచుకుంటూ గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని కాలు విప్పేసింది. అప్పుడు ఏడ్చింది. కాలు పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు.

ఎప్పుడు వచ్చిందో చిట్టి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి. పెట్టుడు కాలు ఒళ్ళోకి తీసుకుంది. తల్లి వాడే కుట్టుపెట్టెలోంచి తానే లావు సూది, మైనం పట్టించిన దారం తీసి, చీలిన బెల్టు మీద గట్టిగా కుట్లు వేసింది. చివర దారం పంటితో కొరికింది.

"ఇంకోసారి నా దగ్గర ఏదీ దాచకు" అంది తలెత్తకుండా.

"దాచను."

"నువ్వూ నేర్చుకుంటావా?"

తల్లి కళ్ళు తుడుచుకుంది. కాలు అందుకుని తగిలించి, కుట్లు వేసిన బెల్టు బిగించుకుని లేచి, వరండాలోకి వెళ్ళింది. మాస్టారు అదే కుర్చీలో, అలాగే ఉన్నారు.

"మీ సంచిలో ఫారాలుంటాయి కదా. ఒకటి తియ్యండి."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత సంచి దగ్గరికి లాక్కుని, కట్టలోంచి ఒక ఫారం తీసి, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాయసాగారు. కొన్ని వేలమందికి రాసిన చెయ్యి. ఆమె పేరు, పుట్టిన తేదీ అడగకుండానే గుండ్రటి అక్షరాలతో నింపారు. బండి రకం అని ఉన్న గడిలో ఆటోమేటిక్ అని రాశారు. అంగవైకల్యం ఉంటే తెలపండి అని ఉన్న చోట కలం ఆగి, మళ్ళీ నడిచింది. నేర్పేవారి పేరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

"అక్కడ చిట్టికి నేర్పిన ఆవిడ పేరు రాయండి" అంది ఆమె. "మీ పేరొద్దు."

మాస్టారు తల ఊపి రాశారు. ముప్ఫై ఏళ్ళలో ఆ గడిలో ఆయన ఇంకొకరి పేరు రాయడం అదే మొదలు.

"నేను… రావచ్చా? నువ్వు నేర్చుకునేటప్పుడు?"

ఆమె వెంటనే రండి అనలేకపోయింది. ఇరవై రెండేళ్ళు ఒక్క పూటలో ఎక్కడికి పోతాయి? అయినా ఎదురుగా ఫారం పట్టుకున్న ఆ చేతులు కనిపిస్తున్నాయి. ఆ చేతులే అన్నేళ్ళూ ఆమెను బస్సు మెట్లు ఎక్కించాయి.

"రండి. వెనక సీట్లో కూర్చోండి" అంది. "అక్కడ తొక్కడానికి ఏమీ ఉండదు."

మాస్టారు తల వంచారు. కన్నీటిబొట్టు రాలి ఫారం మీద పడింది. ఆమె పేరులో మొదటి అక్షరం సిరా అలుక్కుపోయింది. ఆయన కండువాతో అద్దబోయి, మానేసి, ఆ కాగితం పక్కన పెట్టారు. కట్టలోంచి ఇంకో ఫారం తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి గడి నుంచి ఆమె పేరు రాయడం మొదలుపెట్టారు.