కోయని పేజీలు

1961 నవంబర్ 9, గురువారం. ఆ మధ్యాహ్నం లయొనెల్ ప్రాథెరో తిన్నది పొగబెట్టిన చేప, రెండు టోస్టులు. రెండో టోస్టుకు వెన్న రాసిచ్చింది ఇసొబెల్ ట్రెమ్లెట్. రెండేళ్లుగా ప్రేమించుకుంటున్న ఇద్దరూ వసంతంలో పెళ్లి చేసుకోవాలని అనుకున్నారు.

తిన్నాక వీధి చివరి ఫోన్ బూత్ నుంచి, గూఢచారి శాఖలో తన పై అధికారి అయిన కల్నల్‌కు ఫోన్ చేశాడు.

“వాన తగ్గిందా?”

“గొడుగు ఆరుతోంది, సర్.” గుర్తుమాట సరిపోయింది.

“సరే విను. ఏడాదిలో ప్రాగ్‌లో మనవాళ్లు నలుగురు పట్టుబడ్డారు. సమాచారం నువ్వున్న నిఘంటువు ఆఫీసు నుంచే పోతోంది. ఇక మిగిలింది హోర్కా ఒక్కడే. ఆదివారం సరిహద్దు దాటుతున్నాడు. ఎవరికైనా చెప్పావా?”

“ఇసొబెల్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె మన ఏజెంటే కదా, సర్.”

కల్నల్ ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

దొంగ కళ్లజోడు, దొంగ కుంటినడకతో, ఆ సమాచారం పంపేదెవరో కనిపెట్టడానికి లయొనెల్ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆ ఆఫీసులో మూడు నెలలుగా గుమాస్తా. పనంతా ఒక్క మాట మీదే: ‘రన్’. నది పారినా, ముక్కు కారినా, మేజోడు దారం ఊడినా, ఎన్నికల్లో నిలబడినా ఇంగ్లీషువాళ్లకు అదే మాట. దుకాణం నడిపినా అదే, గూఢచారిని నడిపినా అదే. ఒక్కో వాడుకకు ఒక్కో చీటీ. దాని మీద తేదీ, పుస్తకం, పేజీ, వాక్యం. అలాంటివి ఇరవై వేలు. యూరప్ నలుమూలల నుంచి పుస్తకప్రియులు ఉచితంగా రాసి పంపేవారు. అనుమానం ఉన్నవి మళ్లీ వాళ్లకే తిరిగి వెళ్లేవి. చీటీలను తెరిచి చదివే ఓపిక ఏ సెన్సారుకూ లేదు.

నాలుగున్నరకు, చేతిగడియారంలోని కెమెరాతో టపా ట్రేను ఫొటో తీస్తుంటే, వియన్నాకు వెళ్లే, ఇంకా అంటించని కవరులో ఒక చీటీ కనిపించింది.

‘1843. ఉపన్యాసాలు, పేజీ 212. ఆదివారం తెల్లవారగానే రొట్టెల బండి పాత వంతెన మీదుగా పరిగెత్తెను.’

హోర్కా దాక్కుని రాబోయేది రొట్టెల బండిలోనే, పాత వంతెన మీదుగానే.

చీటీ మూలన ఆకుపచ్చ టిక్కు, ఇసొబెల్ పొడి అక్షరాలు. పుస్తకం తెరిచి, వాక్యాన్ని కళ్లారా చూశాకే ఆ టిక్కు పెట్టాలని ఆఫీసు నియమం. అక్కడే పనిచేసే ఇసొబెల్ పంతొమ్మిదేళ్లుగా పెడుతోంది.

లయొనెల్ కుంటడం మరచిపోయి అలమర దగ్గరికి పరిగెత్తాడు. ఆ వాక్యం అక్కడ ఉండాలని మనసులోనే మొక్కుకున్నాడు. ఉపన్యాసాల సంపుటం దొరికింది. 200వ పేజీ తర్వాత కాగితాల అంచులు ఇంకా కోయనే లేదు. అచ్చుకూటం నుంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మడతల్లో ఉన్నాయి. నూట పద్దెనిమిదేళ్లుగా 212వ పేజీని మనిషన్నవాడు చూడలేదు.

తిరిగి వచ్చేసరికి ట్రే ఖాళీ. కింద వాకిట్లో పోస్ట్‌మన్ హాబ్‌డే సంచి మూతి కడుతున్నాడు.

“ఒక్క కవరు వెనక్కి కావాలి, హాబ్‌డే. వియన్నాది.”

“సంచిలో పడ్డాక అది రాణిగారి సొత్తు, బాబూ. మా తాత అడిగినా ఇవ్వను.”

“లోపల ఒక మనిషి ప్రాణం ఉంది.”

హాబ్‌డే అతని ముఖంలోకి చూశాడు. కడుతున్న తాడు వదిలేశాడు.

“అబ్బ, ఏం చలి! టీ తాగొస్తా. నా సంచి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు సుమా.”

అంటూ అటు తిరిగి, టీ ఏదీ లేని గోడ వైపు నడిచాడు.

ఇసొబెల్ బల్ల దగ్గరే ఉంది, ఎర్రని చేతితొడుగులు వేసుకుంటూ. లయొనెల్ కవరు ఆమె ముందు పెట్టాడు.

“టిక్కు ఎందుకు పెట్టావు?”

ఆమె చీటీని చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

“పెట్టానా? చెయ్యి అలవాటు... దొంగతనం కూడా శుభ్రంగా చేశానన్నమాట.”

“ఆ నలుగురూ?”

“నేనే.”

“మరి నేను?”

“నేనేం చెప్పినా నువ్వు నమ్మావు, లయొనెల్. నేను వాళ్లకు పనికొచ్చానంటే నీ వల్లే.”

మధ్యాహ్నం ఫోన్ తర్వాత కల్నల్ పంపిన మనుషుల బూట్ల చప్పుడు మెట్ల మీద వినిపించింది. అతను ఆమె కోటు అందుకుని, చేతులు దూర్చుకునేలా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియలేదు.

“ఆ చీటీ కాల్చెయ్యి,” అంది ఇసొబెల్. “సొరుగులో ఉంటే ఎవరైనా నిజమైన వాడుక అనుకుంటారు.”

బయటికి వస్తూ ఆమె దీపం ఆర్పి, బల్లల మీది చీటీలు గాలికి ఎగరకుండా, రోజూ మూసినట్టే తలుపు మెల్లగా మూసింది.