రాగితీగ చుట్టిన మంచం

దేముడమ్మ పది ఇళ్ళు తిరిగినా గజం రాగితీగ దొరకలేదు. ఎక్కడ దొరుకుతుంది? గాలికరెంటు వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఊరి స్తంభం నుంచి కరెంటు గాల్లోనే వచ్చి పొయ్యి వెలిగిస్తుంటే తీగతో ఎవరికి పని? చివరికి తుప్పుపట్టిన మోటారు ఒకటి విప్పి తీగ పీక్కొచ్చింది.

తుపానుకి ఫోన్లన్నీ మూగబోయి మూడు రోజులు. సముద్రం మీద వేటకెళ్ళిన మొగుడు సూరాడ ఎల్లాజి బతికున్నాడో లేదో తెలీదు. ఒడ్డుకు చేరినవాళ్ళ పేర్లు ఎక్కడో దూరాన పాత ఏఎం రేడియో స్టేషను సాయంత్రం ఒకేఒక్కసారి చదువుతుందట. బ్యాటరీ రేడియో పెడితే గాలికరెంటు హోరు తప్ప మాట వినపడదు. ఏడుపొచ్చింది దేముడమ్మకి.

నులక విప్పేసిన మంచం చట్రాన్ని నిలబెట్టి, రేడియోకి ఏరియల్‌లా తీగ చుట్టింది. వల కన్ను కొలిచే చెక్క అడ్డం పెట్టి చుట్టుకీ చుట్టుకీ ఒకటే ఎడం వదిలింది. అది ఆమెకి చేతనైన పనే. కొసలు రెండూ పాత రేడియోలోంచి తీసిన, స్టేషను పట్టే ట్యూనింగు గ్యాంగుకి కట్టి, మధ్యలో బ్యాటరీ రేడియో పెట్టింది. పక్కూరి స్తంభం హోరు చట్రం తిప్పితే తగ్గింది. సొంతూరి స్తంభానిది తగ్గలేదు.

"స్తంభం ఆపితే మీ నూకాలత్త గుండెలో పెట్టిన గుండెబిళ్ళ పది నిమిషాలే ఆడుద్ది. నా వల్ల కాదు," అన్నాడు స్తంభం కాపలా అప్పన్న. ముసలమ్మని పక్కూరు చేరుద్దామంటే గెడ్డలో నీళ్ళు పొంగి దారి లేదు.

"గుండె నాది, కొడుకు నావోడు. ఆపీరా," అంది దేముడమ్మ అత్త నూకాలు. గుండెబిళ్ళ చేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు గాని, తల్లే ఆపమంటుందని అనుకోలేదు.

అప్పన్న ఆపాడు. స్తంభం పక్కనే నూకాలు చట్రం కదలకుండా పట్టుకుంది, దేముడమ్మ గ్యాంగు తిప్పింది. సన్నగా గొంతు వచ్చింది. ఇంటిపేర్ల వరసన గరికిన వాళ్ళు, మైలపిల్లి వాళ్ళు... పది నిమిషాలైంది. అప్పన్న మీట మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తీయ్. సూరాడోళ్ళ దాకా రానీ," అంది నూకాలు. పెదాలు నల్లబడుతున్నాయి.

"సూరాడ..." అంది రేడియో.

నూకాలు ఒరిగిపోయింది. చట్రం ఆమెతోపాటే పక్కకి వాలింది. దేనిని పట్టుకోవాలి? దేముడమ్మ అత్తని పట్టుకుంది. రేడియోలో గొంతు పోయింది. అప్పన్న మీట నొక్కాడు, హోరు మళ్ళీ నిండిపోయింది. వేటకెళ్ళిన సూరాడ ఇంటిపేరువాళ్ళు ఎల్లాజితో కలిపి ఐదుగురు.

కాసేపటికి నూకాలు కళ్ళు తెరిచింది. "సదివారేటే?"

"సదివారత్తా," అంది దేముడమ్మ. "నీ కొడుకు పేరే."