చివరి చరణం, కాస్త గరగర

"ముందు టేపులో ఆ గరగర తీసేసి, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించండి" అని మా స్టూడియోకి వచ్చిన మొదటి రోజే ఆమె నాతో పోట్లాడింది. ఉన్నదున్నట్టు ఎక్కించి, తరువాతే శుభ్రం చేస్తానని నేను మొండికేశాను. ఆమె మూతి ముడుచుకుని క్యాసెట్ నా చేతిలో పెట్టింది. అందులో వాళ్లమ్మ పాడిన జోలపాట ఉంది. గొంతు ఆపరేషన్ తరువాత ఆవిడకు మాట పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఆ ముడుచుకున్న మూతి నాకు తెగ నచ్చింది. దాన్నే తలుచుకుంటూ పనిచేశాను, దాని ఫలితమూ అనుభవించాను. పాట పూర్తవగానే పాత టేపు పుటుక్కున తెగి, పూత పొడిపొడిగా రాలింది. అప్పుడు చూశాను తెర మీద: ఎనిమిది బిట్లు. పొద్దున ఫోన్ ప్రకటనల కోసం పెట్టిన నాసిరకం సెట్టింగ్ మార్చడం మరిచాను.

కంప్యూటర్ ధ్వనిని మెట్ల మీద నిలబెడుతుంది. మెట్ల మధ్యలో ఉన్నదాన్ని దగ్గరి మెట్టుకు తోసేస్తుంది. ఎనిమిది బిట్లకు మెట్లు రెండు వందల యాభై ఆరే. మొదటి మెట్టులో సగమైనా అందుకోని సన్నని గొంతు సున్నా అయిపోతుంది. బిడ్డ నిద్రపోయేకొద్దీ ఏ తల్లయినా గొంతు తగ్గిస్తుంది కదా. చివరి చరణం వినే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు తల్లీకూతుళ్లు వచ్చారు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"తప్పు చేశానండీ. సెట్టింగ్ మార్చలేదు, టేపు తెగిపోయింది. చివరి చరణం ఉందో లేదో ఇంకా వినలేదు. భయమేసింది."

ఆమె ముఖం పాలిపోయింది. వాళ్లమ్మే, వినిపించమని సైగ చేసింది. ప్లే నొక్కాను.

పాట సన్నబడుతూ వచ్చింది. ఇక గరగరే మిగిలిందనుకున్నాను. ఆ గరగరలోంచే, పలచగా, చివరి చరణం వినిపించింది. ఆవిడ పెదవులు పాటతోపాటు కదిలాయి.

గరగరే కాపాడిందని చెప్పాను. మెట్టు అందని గొంతును అది అటూ ఇటూ ఊపి, అప్పుడప్పుడూ మెట్టెక్కించింది. ముందే తీసేసి ఉంటే అక్కడ నిశ్శబ్దమే ఉండేది.

"అంటే మీ మొండితనమే గెలిచిందన్నమాట" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"మీరు మళ్లీ పోట్లాడటానికి రారేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను. మీరంటే నాకిష్టమండీ."

వాళ్లమ్మ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, రాసి, నాకిచ్చింది.

'గరగర తీయకు బాబూ. మా అమ్మాయికీ నోరు కాస్త ఎక్కువ. అలాగే ఉండనివ్వగలవా?'

ఆమె పుస్తకం లాక్కుని చదివి, మూతి ముడుచుకుంది. నేను భయపడుతూనే తలూపాను.